మెదక్ చేరని ట్రాలీ

2024 డిసెంబరు 25వ తేదీకి మెదక్ మహాదేవాలయానికి నూరేండ్లు నిండాయి. ఆ సందర్భంగా ఎందరో ఎన్నో విధాలుగా ఆ గుడిని గూర్చి వ్రాశారు, మాట్లాడారు. పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించడం, పదేండ్లకు 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరగడం, రెండువందల అడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు, సుమారు 175 అడుగుల గోపురం, ఆ రంగుటద్దాల కిటికీలు - ఇవన్నీ మన పాఠకులకు తెలిసినవే. నేను వ్రాయబోయేది ఆ గుడి సంగతి కాదు. ఆ గుడికి ముప్పై కిలోమీటర్ల ఇవతల ఆగిపోయిన మా ట్రాలీ సంగతి. అది 1993వ సంవత్సరపు క్రిస్మస్.

మాది జహీరాబాదు వైపు ఒక పల్లె. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా. అప్పుడు మెదక్ జిల్లాయే. జిల్లా ఒకటే అయినా మా ఊరినుండి మెదక్ వంద కిలోమీటర్ల పైమాటే. మా సంఘంలో అప్పటికి అరవై కుటుంబాలు. అందులో మెదక్ గుడిని కళ్లారా చూసినవారు పదిమంది ఉంటే గొప్ప. ఆ ఏడు పంటలు కొంచెం బాగా వచ్చాయి. కోతకాలపు కృతజ్ఞతార్పణ తీసుకొని క్రిస్మస్ ఆరాధనకు మెదక్ పోవాలని అక్టోబరులోనే సంఘపెద్దలు తీర్మానించారు. బస్సు మాట్లాడుకునే స్తోమత లేదు. ఊళ్లో పటేలుగారికి ట్రాక్టరు ఉంది. ఆయన క్రైస్తవుడు కాడు. అయినా మా అయ్యగారు వెళ్లి అడిగితే, "డీజిలు మీరు పోసుకోండ్రి, బండి తీస్కపోండ్రి. కాని ఇరవై ఆరు పొద్దున బండి నా చెరుకు కాడ ఉండాలె" అన్నారు. ఫ్యాక్టరీ ఇచ్చిన కటింగ్ ఆర్డరు ఇరవై ఆరో తేదీది. ఆ రోజు చెరుకు పోకపోతే నరికిన గడలు చేలోనే ఎండి తూకం తగ్గుతుంది. మళ్లీ ఆర్డరు ఎప్పుడొస్తుందో తెలియదు. అయ్యగారు మాట ఇచ్చారు.

రెండు నెలలు ఊళ్లో అదే ముచ్చట. యౌవనులు పాటలు నేర్చుకున్నారు. వెదురు బద్దలతో, రంగు కాగితాలతో పెద్ద నక్షత్రం కట్టారు. స్త్రీలు సకినాలు, గారెలు చేశారు. ట్రాలీలో గడ్డి పరిచి పైన జంపఖానాలు వేశారు. అర్పణ కొరకు రెండు బస్తాల జొన్నలు, ఒక బస్తా కందులు ఎక్కించారు. మా నాన్నగారు సంఘానికి కోశాధికారి. నగదు కానుక ఏడువందల పన్నెండు రూపాయలు గుడ్డసంచిలో పెట్టి నడుముకు కట్టుకున్నారు. ఇన్ని సిద్ధపాట్లు చేసిన మాలో ఒక్కరమైనా ట్రాలీ చక్రాల వంక వంగి చూడలేదు. చూసినా మాకేం తెలుస్తుంది అనుకున్నాము గాని, చేతితో తాకి చూస్తే తెలిసేదేనని తర్వాత తెలిసింది.

మాతోబాటు ఒక అవ్వ ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆమె పుట్టినిల్లు మెదక్ దగ్గరి పల్లె. గుడి కట్టే రోజుల్లో ఆమె పదేండ్ల పిల్ల. కరువు రోజులవి. పని చేసినవారికి తిండి దొరుకుతుందని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే పోయేవట. ఈమె తల్లితోబాటు మట్టి మోసింది, సున్నం కలిపే చోట నీళ్లు పోసింది. గోడలు తలుపుల ఎత్తుకు లేస్తుండగా పెండ్లి చేసి మా ఊరికి పంపించారు. పుట్టింటివారు ఒకరి వెంట ఒకరు పోయారు. ఆ తరువాత డెబ్బయి ఏండ్లు ఆమె మళ్లీ మెదక్ ముఖం చూడలేదు. తాను కట్టిన గుడికి పైకప్పు ఎలా ఉందో తెలియని మనిషి. ఈ ప్రయాణం అనగానే ఐదు రూపాయలు తెచ్చి మా నాన్నగారి చేతిలో పెట్టి, "గిది మెదక్ గుడికి, ఏరే ఖర్చు చెయ్యకు" అని రెండుసార్లు చెప్పింది.

ఇరవై నాలుగో తేదీ శుక్రవారం. ఉదయం పదింటికి బయలుదేరవలసినవారము, డప్పు కనబడలేదని, ఒకరి కోడలు ఇంకా రాలేదని, మధ్యాహ్నం ఒంటిగంట చేశాము. అయ్యగారు ప్రార్థన చేశారు. ముప్పై ఎనిమిదిమందిమి ఎక్కాము. అందులో పదకొండుమంది పిల్లలు. నాకు పద్నాలుగేండ్లు. హైవే మీద ట్రాక్టరు పోతుంటే చలిగాలి మొహానికి కొట్టేది. సదాశివపేట వరకు పాటలే పాటలు.

సంగారెడ్డిలో చాయ కొరకు ఆగాము. ట్రాక్టరు తోలే అబ్బాయికి ఇరవై రెండేండ్లు ఉంటాయి. ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మా నాన్నగారితో, "మామా, ఎనక ఎడమ చక్రం కాడ కాలిన వాసన వస్తుంది. ఒక్కపారి ఎవరికన్న చూపెట్టి పోదామా?" అన్నాడు. అప్పటికి పొద్దు వాలుతోంది. మా నాన్నగారు, "ప్రార్థన చేసుకొని బయల్దేరినం గదరా. ఏం గాదు, పోనియ్" అన్నారు. ఈ మాట నేను చెవులారా విన్నాను. ఆయన ఇప్పుడు ప్రభువునందు నిద్రించారు. ఆయన బ్రతికి ఉన్నప్పుడే ఈ మాట ఎన్నోసార్లు ఆయనే స్వయంగా సంఘంలో చెప్పుకున్నారు గనుక వ్రాయడానికి సంకోచించడం లేదు. ప్రార్థన చేసుకున్నామన్న ధైర్యంతో పని ఎగగొట్టడం మన పల్లె సంఘాలలో ఇప్పటికీ కనబడే జబ్బే.

జోగిపేట దాటి కొంత దూరం పోయాక కీచుమనే శబ్దం మొదలైంది. పాటల్లో ఎవరికీ వినబడలేదు. తరువాత ట్రాలీ వెనుక భాగం ఊగసాగింది. వెనుక కూర్చున్న స్త్రీలు కేకలు వేసేసరికి అబ్బాయి బండి ప్రక్కకు తీసి ఆపాడు. దిగి చూస్తే చక్రం ఒకవైపు వాలి ఉంది. మధ్య ఉన్న హబ్బునుండి పొగ వస్తోంది. ఎవరో చెంబుతో నీళ్లు పోస్తే పెనం మీద పోసినట్టు చుర్రుమన్నాయి. రాత్రి ఎనిమిదిన్నర. మరో నాలుగు ఫర్లాంగులు పోయి ఉంటే చక్రం ఊడి ట్రాలీ పల్టీ కొట్టేదని మరునాడు మిస్త్రీ చెప్పాడు.

అది మలుపు. రోడ్డుకు రెండు ప్రక్కలా చింతచెట్లు. వెన్నెల ఉన్నా చెట్ల నీడలో ట్రాలీ కనబడదు. ట్రాలీకి వెనుక దీపం లేదు, మెరిసే బిళ్ల లేదు. పిల్లలు కొందరు నిద్రపోయారు. చలికి బయటికి దించడమెందుకని తల్లులు ట్రాలీలోనే ఉంచబోయారు. అయ్యగారు ఒప్పుకోలేదు. ఆయన మాములుగా గొంతు పెంచే మనిషి కాదు. ఆ రాత్రి మాత్రం అరిచారు. అందరినీ దింపి, రోడ్డు దాటించి, చేని గట్టు మీదికి పంపించారు. ట్రాలీకి వెనుక ఇరవై అడుగుల దూరంలో కంపకొమ్మలు వేయించి, లాంతరు వెలిగించి కర్రకు కట్టించారు.

ఇదంతా అయి పావుగంట కాలేదు. మలుపు తిరిగి ఒక లారీ వచ్చింది. లాంతరు చూసి కాబోలు, చివరి క్షణంలో కోశాడు. ట్రాలీ ప్రక్కపలకను రాసుకుంటూ పోయింది. నక్షత్రం కట్టిన వెదురుబద్ద విరిగి రోడ్డు మీద పడింది. లారీ ఆగలేదు. పిల్లలు పడుకున్న జాగా ఆ ప్రక్కనే. కొంతసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ నా చెల్లెలిని ఒడిలోంచి దించకుండా తెల్లవారేదాకా అట్లాగే కూర్చుంది.

మా కేకలు విని చేలోనుండి ఒక రైతు టార్చిలైటు పట్టుకొని వచ్చాడు. ఆ రోజుల్లో బావుల మోటార్లకు కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది గనుక, మడి తడపడానికి రైతులు అర్ధరాత్రులు చేలల్లో మెలకువగా ఉండేవారు. మాకు అదే మేలైంది. ఆయన పిల్లలను చూసి, "గీ సల్లల రోడ్డు మీద ఎందుకుంటరు? మా బాయికాడికి రాండ్రి" అన్నాడు. బావి దగ్గర ఒక పశువుల కొట్టం, ప్రక్కనే చదును చేసిన కల్లం ఉన్నాయి. ఇంటికి పోయి భార్యను, తల్లిని లేపుకొచ్చాడు. వాళ్లు జొన్న రొట్టెలు, పచ్చిపులుసు తెచ్చారు. మేము సకినాలు పెట్టాము. ఆయన తన లూనా మీద మా డ్రైవరును ఎక్కించుకొని జోగిపేట పోయి, ఒక మిస్త్రీ ఇంటి తలుపు తట్టి, తెల్లవారగానే వస్తానన్న మాట తీసుకొని వచ్చాడు.

ఇరవై ఐదో తేదీ ఉదయం ఆ కల్లంలోనే ఆరాధన జరిగింది. మెదక్‌లో బిషప్పుగారి వాక్యం విందామని వచ్చిన అయ్యగారు ప్రసంగం సిద్ధం చేసుకోలేదు. ప్రక్కన పశువుల కొట్టం ఉంది, గడ్డి ఉంది, చోటు లేక బయట పడుకున్నవారము మేమున్నాము. ఇంత చేతికందినా ఆయన ఆ పోలిక తీయలేదు. తీయనందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. లూకా సువార్తలో గొర్రెల కాపరుల భాగం చదివి, రాత్రి మెలకువగా ఉన్నవారిని గూర్చి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నారు. రైతు కుటుంబం కొంచెం దూరంగా నిలబడి చూసింది. విరిగిన నక్షత్రాన్ని పిల్లలు బావి గిలకకు కట్టారు.

మిస్త్రీ భాయి ఏడింటికి సైకిలు మీద వచ్చాడు. జాకీ ఎత్తి, చక్రం ఊడదీశాడు. టార్చి పట్టుకునే పని నాకు దొరికింది గనుక అంతా దగ్గరనుండి చూశాను. హబ్బు లోపల రెండు బేరింగులు ఉంటాయి, లోపలిది ఒకటి, బయటిది ఒకటి. లోపలి బేరింగు నుజ్జునుజ్జు అయింది. గుండ్లు పగిలి, వాటిని పట్టి ఉంచే రేకు చీలికలై, లోపలి వలయం యాక్సిలుకు అతుక్కుపోయింది. భాయి లోపలినుండి వేలితో నల్లని ముద్ద తీసి నా అరచేతిలో పెట్టాడు. "గ్రీజు కాదు బేటా ఇది, బురద" అన్నాడు.

సంగతి ఏమిటంటే, ఆ ట్రాలీ నెల రోజులుగా చెరుకు మోస్తోంది. మోయదగిన దానికంటే ఎక్కువ మోస్తోంది. నీళ్లు పెట్టిన చేలల్లోకి దిగినప్పుడు బురదనీరు అరిగిన సీలులోంచి హబ్బులోకి పోయింది. గ్రీజు పాడైంది. అయితే ఫ్యాక్టరీ మా ఊరికి దగ్గర. వేడెక్కేలోపల దిగుమతి అయిపోయేది, మళ్లీ చల్లారేది. అందుకని లోపల రోగం ఉన్నా బయటపడలేదు. మేము దాన్ని ఆగకుండా గంటలకొద్దీ తారు రోడ్డు మీద పరుగెత్తించాము. అంతే. సంగారెడ్డిలో ఆ అబ్బాయికి వచ్చిన వాసన కాలుతున్న గ్రీజుదే. అప్పుడే విప్పి ఉంటే కొత్త గ్రీజు, ఒక సీలుతో పోయేదని భాయి అన్నాడు. మా నాన్నగారు అక్కడే నిలబడి ఉన్నారు.

రెండు బేరింగులు, సీలు, గ్రీజు, ఆయన కూలి కలిపి మూడువందల ఎనభై రూపాయలు. డీజిలుకు పోగా మా అందరి జేబులూ దులిపితే తొంభై దాటలేదు. అందరి చూపూ మా నాన్నగారి నడుముకున్న సంచి మీద పడింది.

"ఇది ముట్టేది లేదు" అన్నారు మా నాన్నగారు. దేవునికని ప్రత్యేకించిన సొమ్ము, బండి మరమ్మతుకు వాడితే రేపు ఇంకొకదానికి వాడతారు, లెక్క చెప్పవలసింది నేను అని ఆయన వాదన. తప్పుడు వాదన కాదది. సంఘం సొమ్ము విషయంలో అంత పట్టుదల ఉన్న కోశాధికారులు ఇప్పుడు ఎక్కడ దొరుకుతారు? యౌవనులు కొందరు, పిల్లలను చలిలో పెట్టుకొని లెక్కలేమిటని కోపపడ్డారు. అయ్యగారు, దావీదు ఆకలిగొన్న వేళ సముఖపు రొట్టెలు తిన్న సంగతి ఎత్తారు. మా నాన్నగారు, "అయ్యగారూ, దావీదు ఆకలికి తిన్నడు. మనం అశ్రద్ధ చేసి అడుగుతున్నం" అన్నారు. ఆ అశ్రద్ధ ఎవరిదో ఆయనకు తెలుసు. అందుకే అంత గట్టిగా నిలబడ్డారని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

అప్పటిదాకా గడ్డిలో కూర్చొని ఉన్న అవ్వ లేచి వచ్చింది. "ముందుగాల నా ఐదు రూపాయలు తియ్యి" అంది. వేరే ఖర్చు చేయవద్దన్న మనిషి ఆమెయే. మా నాన్నగారు బిత్తరపోయి చూశారు. "నేను మట్టి మోసిన దినాలల్ల గా గుడి ఇంక గుడే గాలె. గోడలు గూడ లెవ్వలె. అయినా మాకు గింజలు పెట్టింది. గుడి అయినంక పెడుతనన్లె. ఇయ్యాల గంత పెద్దగయింది, గీ ఇనుప గుండ్లు పెట్టనంటదా?" అంది.

మా నాన్నగారు సంచి విప్పారు. ఐదు రూపాయల నోటు పైన పెట్టి, మూడువందల ఎనభై లెక్కపెట్టి ఇచ్చారు. జేబులోనుండి చిన్న పుస్తకం తీసి వ్రాసుకున్నారు.

భాయి జోగిపేట పోయి బేరింగులు తెచ్చేసరికి పదకొండు. ఆ సమయంలో డ్రైవరు అబ్బాయిని అయ్యగారు బలవంతాన పడుకోబెట్టారు. అతుక్కుపోయిన వలయాన్ని ఉలితో, సుత్తెతో కొద్దికొద్దిగా చీల్చి తీయడానికే గంటకు పైగా పట్టింది. తొందరపడి కొడితే యాక్సిలు దెబ్బతింటుంది. గీతలు పడినచోట ఆకురాయితో నున్నగా రుద్దాడు. కొత్త బేరింగును అరచేతిలో పెట్టుకొని, గుండ్ల సందుల్లోకి గ్రీజు దిగేలా ఒత్తి ఒత్తి నింపాడు. పైపైన పూస్తే లాభం లేదట. చక్రం ఎక్కించి, దాన్ని తిప్పుతూ నట్టు బిగించి, బరువుగా తిరగడం మొదలుకాగానే కొంచెం వదులు చేసి, కొత్త పిన్ను వంచాడు. తరువాత డ్రైవరును లేపి నేర్పించాడు. నెలకొకసారి జాకీ ఎత్తి చక్రాన్ని పైనా క్రిందా పట్టుకొని ఊపి చూడు, లటలటలాడితే పోనీయకు. ఆగినప్పుడల్లా నాలుగు హబ్బుల మీద చెయ్యి పెట్టు, ఒకటి మాత్రమే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడే ఆపు. ట్రాక్టరుకు, ట్రాలీకి మధ్యనున్న పిన్నుకు క్రింద తాళం పిన్ను లేదు, తాడు కట్టారు, అది చూసి తిట్టాడు కూడా. తన సంచిలోనుండి ఒకటి తీసి బిగించాడు. దానికి పైకం తీసుకోలేదు.

అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మెదక్ ఇంకా ముప్పై కిలోమీటర్లు. కొత్త బేరింగు గనుక మొదట మెల్లగా పోవాలి. చేరి, చూసి, తిరుగు ప్రయాణమయ్యేసరికి చీకటి. వంద కిలోమీటర్లకు పైగా రాత్రంతా దీపం లేని ట్రాలీలో రావాలి. అట్లా కాక ఇప్పుడే వెనుకకు మళ్లితే పొద్దుగూకే వేళకు ఊరు. యౌవనులు ముందుకే అన్నారు. ఇంత దూరం వచ్చి గోపురమైనా చూడకుండా పోవడమా అని కొందరు స్త్రీలు కండ్లనీళ్లు పెట్టుకున్నారు. అయ్యగారు రాత్రి లారీ రాసుకొని పోయిన పలకను చూపించారు. "పటేలుకు మాట ఇచ్చింది నేను. పిల్లలను ఇండ్లల్ల అప్పజెప్పవలసింది కూడ నేనే" అన్నారు.

అవ్వను మాత్రం ఎట్లాగైనా మా అమ్మను తోడిచ్చి బస్సులో పంపాలని చూశాము. గంటన్నరలో మూడు బస్సులు వచ్చాయి. రెండు ఆగకుండానే పోయాయి. మూడోది ఆగింది గాని తలుపు దగ్గర మనుషులు వ్రేలాడుతున్నారు. కండక్టరు మంచివాడే, ముసలామె ఒక్కతె అయితే ఎక్కించండి, నేను చూసుకుంటానన్నాడు. అవ్వ ఆ మెట్టు వంక, ఆ జనం వంక చూసి, "నాతోని గాదు బిడ్డా. ఇంటికి పోదాం" అంది. మూడింటికి ట్రాలీ వెనుకకు తిరిగింది. ఆ గంటన్నర ఆలస్యంవల్ల చివరి కొంత దూరం చీకట్లోనే వచ్చాము. రైతు ఇచ్చిన టార్చిలైటు వెలిగించి వెనుక ఒకరు పట్టుకున్నారు. దారి పొడుగునా ఎక్కడ ఆగినా మా నాన్నగారే ముందు దిగి నాలుగు హబ్బుల మీద చెయ్యి పెట్టి చూశారు.

ఒక మాట చెప్పడం మరిచాను. బయలుదేరేముందు అయ్యగారు మమ్మల్ని పిల్లలను పిలిచి, రోడ్డు మీద వేసిన కంపకొమ్మలన్నీ, చక్రాల క్రింద పెట్టిన రాళ్లతో సహా ఏరించి చేని గట్టున వేయించారు. బండి బాగుపడగానే రాళ్లు రోడ్డు మీదే వదిలి పోయేవారిని ఇప్పటికీ చూస్తుంటాను. ఆ రాత్రి మోటారు సైకిలు మీద వచ్చేవాని గతి ఏమిటి?

మా సంఘం ఆ తరువాత ఎన్నడూ మనుషులను ట్రాలీలో తీసుకొని పోలేదు. రెండేండ్లు పైకం కూడబెట్టి, 1995లో బస్సు మాట్లాడుకొని మెదక్ పోయాము. వ్యవసాయపు ట్రాలీ సరుకు మోయడానికే గాని మనుషులను మోయడానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం కొరకు ఆ కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది. 2018లో ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలోను, జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలోను కూలి పనికి పోయే స్త్రీలతో ఉన్న ట్రాక్టరు ట్రాలీలు కాలువల్లో బోల్తాపడి ఎన్ని ఇండ్లు తల్లులు లేనివయ్యాయో పత్రికల్లో చదివాము. అయినా సభలకు, పెండ్లిండ్లకు, బాప్తిస్మాల కొరకు చెరువులకు మన సంఘాలవారు ఇంకా ట్రాలీలు కడుతూనే ఉన్నారు. నాకు ఆహ్వానం వస్తే నేను బస్సులో వస్తానని చెబుతాను. పెద్దతనం చూపిస్తున్నానని అనుకునేవారు అనుకోనీ.

ఆ రాత్రి ఇల్లు చేరగానే అయ్యగారు, మా నాన్నగారు పటేలుగారి దగ్గరికి పోయి జరిగినదంతా చెప్పారు. ఆయన లాంతరు తెప్పించి చక్రం చూసుకొని, "బండి నాది, బేరింగు నాది. మీ గుడి పైసలు నాకెందుకు?" అని మూడువందలు లెక్కపెట్టి ఇచ్చారు. మిగిలిన ఎనభై మా నాన్నగారు జనవరిలో తన సొంతం వేశారు. సంఘపు లెక్కల పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఆ పేజీలో బేరింగు ఖర్చు మా నాన్నగారి దస్తూరీలో "అప్పు" అనే శీర్షిక క్రింద ఉంది. ప్రక్కన "తీరినది" అని వ్రాసి ఉంది.

జనవరి చివర అయ్యగారు మెదక్ పోయి ధాన్యం, నగదు అప్పగించి రశీదు తెచ్చారు. వస్తూ వస్తూ అవ్వ కొరకు గుడి ఫొటో ఒకటి కొని తెచ్చారు. మేమందరము చుట్టూ మూగాము. అవ్వ దాన్ని వెలుతురుకు పట్టుకొని, దగ్గరకు పెట్టుకొని, దూరం పెట్టుకొని చాలాసేపు చూసింది. గోపురం మీద వేలు పెట్టి, "గింత పొడుగు లేపిన్రా!" అంది. తరువాత ఆ వేలిని మెల్లగా క్రిందికి తెచ్చి, గోడ ప్రక్కనున్న ఖాళీ స్థలంలో అటూ ఇటూ తిప్పుతూ దేనినో వెతికింది.

"గీడ సున్నం కలిపే తొట్టి ఉండాలె గదా అయ్యగారూ" అంది. "మా అవ్వ నన్ను గా తొట్టి కాన్నే కూసుండవెడుతుండె."